ప్రొఫెసరమ్మ గురగుర రిజిస్టర్

జులై 7, సోమవారం

ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా: నేటి నుండి ఈ ఇంట తడి తువ్వాలును మంచం మీద ఆరవేయుటకు, పెరుగు గిన్నెలో తిన్న చెంచానే ముంచుటకు, ఫ్యాను ఐదు మీద పెట్టి దుప్పటి కప్పుకొనుటకు, చాయ్‌లో మూడో చెంచా చక్కెర వేసుకొనుటకు సర్వహక్కులు దఖలు పరచడమైనది. అభ్యంతరములు గలవారు లాలాపేట్‌లోని తమ్ముని ఇంటి నుండి రాతపూర్వకముగా తెలుపవలెను. ఇట్లు, రాజలింగం, అటెండరు, జంతుశాస్త్ర శాఖ. మరియు ఇంటి యజమాని, పూర్తి అదనపు బాధ్యతలతో.

రాసింది పైకి చదివాను. వినేవాళ్లు లేరు కాబట్టి చప్పట్లు కూడా నేనే కొట్టాను.

ప్రమీల వెళ్లి నాలుగు రోజులు. వారంలో వస్తుందని నా అంచనా. నా అంచనా తప్పదు.

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెట్టాలి, లేకపోతే అడిగినవాళ్లకు తలా ఒక రకంగా చెబుతాను. పోయిన గురువారం సాయంత్రం ఆమె తార్నాక నుంచి కూరగాయల సంచితో వస్తుంటే కిటికీలోంచి చూసి, హాల్లో వెల్లకిలా పడుకున్నాను. కళ్లు తేలేసి, నాలుక బయట పెట్టి, నోటి మూలన కాస్త టూత్‌పేస్టు నురుగు. నురుగు నా సొంత ఆలోచన. ఆమె సంచి వదిలేసింది. టమాటాలు దొర్లాయి. అరుస్తుందనుకున్నాను. గొంతు రాలేదు ఆమెకు. గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. నేను లేచి కూర్చుని "ఎట్లున్నది?" అన్నాను. అప్పటికే పక్కింటివాళ్లు గుమ్మంలో ఉన్నారు.

తిట్టలేదు. టమాటాలు ఏరింది, కడిగింది, బుట్టలో పెట్టింది. బట్టలు సర్దుకుంది.

"ఇరవై ఆరేండ్ల సంది నీ జోకులకు నవ్విన. ఇగ నాతోని కాదు."

అంతే. మంచి నురుగు అది. ఎవరూ మెచ్చుకోలేదు.

జులై 8

ఏడున్నరకు ప్రమీల ఫోన్ చేసింది. "తిన్నవా?" అంది. "మస్తుగ తిన్న" అన్నాను. పెట్టేసింది. మెత్తబడుతోంది. నేననుకున్నదే.

జులై 9, బుధవారం

మా శాఖ పాత బిల్డింగులో వెనక గది ఒకటి ఉంది. అందులో చెక్క బీరువా, దాని కింది అరలో ఎవరూ ఎప్పటికీ అడగని పాత జవాబు పత్రాలు. వాటి మీద మూడు వారాల క్రితం ప్రొఫెసరమ్మ మూడు పిల్లల్ని పెట్టింది. ప్రొఫెసరమ్మ అంటే పిల్లి. బూడిద రంగు, మెడ కింద తెల్ల మచ్చ, ఎవరినీ లెక్క చేయని నడక. పేరు నేనే పెట్టాను. పిల్లల పేర్లూ నావే: ఫస్ట్ సెమిస్టర్, సెకండ్ సెమిస్టర్, అన్నిటికంటే చిన్నది బ్యాక్‌లాగ్.

పాలు తాగేటప్పుడు ముగ్గురూ గురగురమంటారు. బీరువా తలుపు మీద చెయ్యి పెడితే సన్నగా అదురుతుంది. కళ్లు తెరవకముందే, చెవులు వినకముందే మొదలుపెట్టారు. తల్లి గురగురమంటే ఆ అదురు పట్టుకుని పొట్ట దగ్గరికి పాకేవారు. ఇది సింధూజ చెప్పింది. మూసీ నత్తల మీద పరిశోధన చేసే పిల్ల. నత్తలు మాట్లాడవు కాబట్టి మాతో మాట్లాడుతుంది.

ఈ రోజు హెడ్డు వేదవతి మేడం పిలిచారు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆమెకు పిల్లి అంటే తుమ్ములు.

"రాజలింగం గారూ, ఇరవై నాలుగున తనిఖీ కమిటీ వస్తోందండీ. ఈలోగా ఆ పిల్లుల్ని ఎక్కడైనా వదిలేసి రండి. గోల్నాక అవతల మూసీ పక్కనైతే మళ్లీ వెనక్కి రావు కదా."

ఈ వానల్లో, మూసీ ఒడ్డున, పిడికెడంత బ్యాక్‌లాగ్. చంపి రమ్మనడమే. మేడం చెడ్డ మనిషి కాదు, మూసీ చూసి చాలా రోజులై ఉంటుంది.

"సరే మేడం," అన్నాను.

నేను సరే అన్నానంటే మా శాఖలో తెలిసినవాడికి గుండె దడ రావాలి.

జులై 10

మా దగ్గర మనిషి మాట ఎవరూ నమ్మరు. కాగితం మీద నంబరు ఉంటే మాత్రం బ్రహ్మదేవుడైనా సంతకం పెట్టి పోతాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చదువుకున్న చదువు ఇదే. టెన్తు రెండుసార్లు రాసి నేర్చుకోలేనిది ఇక్కడ తలుపు దగ్గర నిలబడి నేర్చుకున్నాను.

ఉదయం బీరువాకు కాగితం అతికించాను:

"పరిశోధన నం. 14/బి. పిల్లులలో గురగుర: కారణములు, సందర్భములు. విభాగాధిపతి రాతపూర్వక అనుమతి లేనిదే తెరవరాదు, కదపరాదు, ఆవరణ వెలుపలికి కొనిపోరాదు."

14 అని పెడితే 13 ఏదని అడుగుతారు. 14/బి అంటే, 14/ఎ సంగతి తనకు తెలియదని ఒప్పుకోవడానికి ప్రతివాడికీ సిగ్గు.

పక్కనే దారంతో కట్టి ఒక పొడుగు రిజిస్టరు. గళ్లు నేనే స్కేలుతో గీశాను. తేదీ, సమయం, గురగుర ఉన్నదా, సంతోషం, సంతకం. గురగుర గడిలో టిక్కు పడితే సంతోషం గడిలోనూ టిక్కు.

సింధూజ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత వేలు పెట్టి చూపించింది.

"అంకుల్, ఈ గడి తప్పు. గురగుర అంటే సంతోషమే అని లేదు. ఊకె అట్ల రాస్తే ఎట్ల?"

"లైన్లు గీసిన బిడ్డా, ఇంకు గూడ ఆరింది."

"ఇంకు ఆరితే తప్పు ఒప్పయితదా?"

"యూనివర్సిటీల అయితది."

జులై 11

పన్నెండు సంతకాలు! క్లర్కులు ముగ్గురు, పక్క శాఖ నుంచి ఇద్దరు, వాచ్‌మన్ మల్లన్న రెండుసార్లు. మల్లన్న సంతకం పెట్టేముందు బీరువా ముందు అటెన్షన్‌లో నిలబడి విన్నాడు.

మేడం కూడా చూశారు. కాగితం చదివారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. పైనుంచి వచ్చిందేదో తనకు చెప్పడం మర్చిపోయారని అనుకుని ఉంటారు. అడగలేదు. రెండడుగుల దూరం నుంచే చెయ్యి చాచి సంతకం పెట్టి, తుమ్మి, వెళ్లిపోయారు.

ఏడున్నరకు ప్రమీలకు ఈ ముచ్చట చెప్పాను. నవ్వలేదు కానీ ఫోన్ పెట్టేయలేదు కూడా.

జులై 14, సోమవారం

ప్రమీల వెళ్లి పదకొండు రోజులు. వారం అన్నాను కదా, అది పనిదినాల లెక్క.

ఇరవై ఏడు సంతకాలు. పొద్దున మేడం అన్నారు: "రాజలింగం గారూ, ఆ గురగుర ప్రాజెక్టు కాగితాలు కమిటీ ఫైల్లో పెడుతున్నానండీ. ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి, నూటికి నూరు శాతం సంతోషం!" గంభీరంగా తలూపాను. బయటికొచ్చి నల్లా కింద తల పెట్టి నవ్వాను.

బెల్టుకు మేకుతో ఇంకో చిల్లు పెట్టాను. తోలు సాగింది.

జులై 16

గురగుర పెరిగింది. మునుపు పిల్లలు పాలు తాగేటప్పుడు, నేను గడ్డం కింద గోకినప్పుడు అనేది. ఇప్పుడు ఎవరూ ముట్టకపోయినా అంటోంది. ఒక్క రోజులో పంతొమ్మిది టిక్కులు. ప్రొఫెసరమ్మకు నా మీద కృతజ్ఞత అని నా అభిప్రాయం.

జులై 18, శుక్రవారం

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే గురగుర. నాలుగు కాళ్లూ పొట్ట కిందికి ముడుచుకుని, కళ్లు సగం మూసి, గోడ వైపు తిరిగి. పిల్లలు పాలకు వస్తే పక్కకు జరిగింది. బ్యాక్‌లాగ్ వెంటపడితే మళ్లీ జరిగింది. ముప్పై ఒక్క టిక్కులు. రికార్డు.

ఏడున్నరకు ప్రమీల.

"పిల్లెట్లున్నది?"

"మస్తు ఖుషీగ ఉన్నది. పొద్దుమూకులు గురగురే."

"గురగుర ఏం జూస్తవ్? గిన్నె జూడు. తిన్నదా?"

"తింటది, యాడికి పోతది."

"గిన్నె జూడమన్న," అని పెట్టేసింది.

జంతుశాస్త్ర శాఖలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి. నాకు చెబుతుంది.

జులై 19

గిన్నెలో పాలు నిండుగానే ఉన్నాయి, మీగడ కట్టి. రోజూ పాలంటే ఎవరికైనా మొహం మొత్తుతుంది. తార్నాక చౌరస్తా నుంచి చేప ముక్క తెచ్చి పెట్టాను. అదీ సంగతి.

జులై 20, ఆదివారం. బోనాలు

పండగ. లాలాపేట్ వైపు నుంచి పొద్దున్నే డప్పులు. సెలవైనా శాఖకు వెళ్లాను.

చేప ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది, చీమలు పట్టి. పాలు విరిగాయి. మంగళవారం నాడు నేను వేసిన బిస్కెట్టు ముక్క కూడా మూలన అలాగే ఉంది. ప్రొఫెసరమ్మ తల నేల మీద ఆనించి ఉంది. ఎడమ దవడ కింద నిమ్మకాయంత వాపు. నోటి నుంచి జిగురు. వాసన.

గురగురమంటూనే ఉంది. గట్టిగా.

జవాబు పత్రాల అట్టపెట్టెలో నా తువ్వాలు పరిచి ఎత్తుకున్నాను. బరువు లేదు. గేటు దగ్గర మల్లన్న కుర్చీలోంచి లేచాడు.

"డబ్బల ఏంది లింగన్నా?"

"ప్రొఫెసరమ్మ. చచ్చేటట్టున్నది మల్లన్నా, గేటు తియ్యి."

తొంగిచూశాడు. "గురగురమంటున్నది గదనే! నువ్వే రాస్తివి సంతోషమని. నేను గూడ సంతకాలు బెట్టిన."

"అది తప్పు రాసిన. తియ్యి."

"14/బి గాదే ఇది? లెటర్ ఏది? బయటికి కొనిపోరాదని పెద్దక్షరాలతోని ఉన్నది. రేపు మేడం నన్నడుగుతది."

"ఆ కాగితం నేనే అతికిచ్చిన్రా!"

మల్లన్న తొడ చరుచుకున్నాడు. "ఏం వేషాలే నీవి! మొన్న నువ్వు సచ్చినవంట గద, టూత్‌పేస్ట్ బెట్టుకొని? కాలనీ మొత్తం చెప్పుకుంటున్నరు. ఇయ్యాల పిల్లి వంతా?"

నా ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. ఛార్జర్ ప్రమీల సంచిలో పోయింది. మల్లన్న ఫోన్ అడుక్కుని మేడానికి చేశాను. సగం చెప్పానో లేదో, "పండగ పూట కూడానా రాజలింగం గారూ! మీకో దండమండీ," అని పెట్టేశారు.

నా జీవితంలో మొదటిసారి నిజం చెబుతున్నాను, నా అంత మంచి నటుణ్ణి ఎవరూ చూడలేదన్నట్టు మల్లన్న నవ్వుతున్నాడు. ఇంకా గట్టిగా చెబితే ఇంకా బాగా నవ్వుతాడు. డబ్బా అతని కుర్చీలో పెట్టి వెనక్కి పరుగెత్తాను. యాభై రెండేళ్ల పరుగు, రాయదగ్గది కాదు. గిన్నె, చేప ముక్క ఉన్న మూత తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టాను.

"నన్ను జూడకు మల్లన్నా. నా మొకం జూడకు. గిన్నె జూడు."

చూశాడు. వంగి చేప ముక్కను వేలితో కదిపాడు. చీమలు చెదిరాయి. అదే వేలు ప్రొఫెసరమ్మ ముక్కు దగ్గర పెట్టాడు. వాసన కూడా చూడలేదది. ఇంట్లో రెండు గేదెలను సాకిన మనిషి. నవ్వు ఆగింది.

"ఎన్ని దినాలాయె?"

"తెల్వదు."

గేటు తీశాడు. గేటు పుస్తకంలో తనే రాసుకున్నాడు: 14/బి, దవాఖానకు, మల్లన్న. ఆ తర్వాత తన ఫోన్ నుంచి సింధూజకు తనే చేశాడు. హాస్టల్ నుంచి ఐదు నిమిషాల్లో స్కూటీ మీద వచ్చింది. వస్తూనే నా మీద పడింది.

"నిన్న సాయంత్రం సంది చేస్తున్న అంకుల్, మీ ఫోన్ స్విచ్ఛాఫ్! పిల్లి ఎందుకో తేడాగున్నదని చెప్దామనే!"

వెనక కూర్చుని డబ్బాను పొట్టకు అదిమి పట్టుకున్నాను. హబ్సిగూడ దాకా ఆ గురగుర నా కడుపులోకి దిగుతూనే ఉంది.

డాక్టరు రఘువీర్ అని, కుర్రవాడే. దవడ తెరిచి చూసి మొహం చిట్లించాడు.

"పన్ను కుళ్లి చీము దవడలోకి దిగింది. ఎన్ని రోజుల నుంచి తినట్లేదు?"

"రిజిస్టర్ల ఆ గడి లేదు సార్," అన్నాను.

జోకనుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు. జోకు కాదు.

"మరి గురగుర ఎందుకు సార్? గంత నొప్పి ఉండంగ?"

చేతులు కడుక్కుంటూ చెప్పాడు. బాగున్నప్పుడూ అంటుందట, బాగాలేనప్పుడూ అంటుందట. ఈనేటప్పుడు, దెబ్బ తగిలినప్పుడు, ఒక్కోసారి ప్రాణం పోయేటప్పుడు కూడా. తనను తాను జో కొట్టుకోవడం అని కొందరంటారు. ఆ అదురుకు ఎముకలు అతుక్కుంటాయని కొందరంటారు, అది ఇంకా ఎవరూ తేల్చలేదు. "గురగుర ఒక్కటే వింటే ఏమీ తెలీదండీ. తింటోందా, ఎలా కూర్చుంది, పిల్లల్ని దగ్గరికి రానిస్తోందా, అవి చూడాలి. ఇంకో రెండు రోజులు ఆగుంటే తీసుకొచ్చే పని ఉండేది కాదు."

అన్నీ చూశాను నేను. అన్నీ చూసి టిక్కు పెట్టాను.

బయట బెంచీ మీద సింధూజ నన్నే చూస్తోంది. "ఏం అంకుల్, ఒక్క జోక్ గూడ వెయ్యరా?"

ఒకటి ఉంది నా దగ్గర, నోటి దాకా వచ్చింది. అదెందుకు వచ్చిందో తెలిసింది కాబట్టి మింగేశాను.

జులై 21

పన్ను పీకారు. బతుకుతుందన్నాడు డాక్టరు.

పిల్లలకు దూదితో పాలు పట్టాం, నేనూ సింధూజా, డాక్టరు ఇచ్చిన పొడి కలిపి. బ్యాక్‌లాగ్ నా అరచేతిలో గురగురమంది. ఎగిరి గంతేయలేదు నేను. ముందు పొట్ట తడిమి చూశాను. నిండుగా ఉంది. అప్పుడు సంతోషించాను.

జులై 22, మంగళవారం

మేడానికి అంతా చెప్పాను. 14/బి, స్కేలు, దారం, అన్నీ. ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"రాజలింగం గారూ! ఆ రిజిస్టర్ నకలు కమిటీ ఫైల్లో పెట్టేశానండీ నేను! నా సంతకం కూడా ఉంది కదండీ అందులో!"

"నాలుగున్నయి మేడం."

నాలుగు అనకుండా ఉండాల్సింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీరు మొదటి రోజే 'పసికూనలు మేడం, చచ్చిపోతాయి' అని చెప్పుంటే నేను వద్దనేదాన్నా?"

అలా చెప్పొచ్చని నాకు తట్టనే లేదు. ఇది రాస్తుంటే కూడా వింతగానే ఉంది.

చివరికి రుమాలు ముక్కుకు పెట్టుకుని అన్నారు: "ఆ సంతోషం గడి కొట్టేసి, తిన్నదా లేదా అని ఇంకో గడి గీయండి. పిల్లలు పెద్దవయ్యేదాకా ఉండనివ్వండి. నాకు మాత్రం దూరంగా."

జులై 24

కమిటీ వచ్చింది. ముగ్గురు. మేడం ఆ ఫైలును అన్నిటికంటే అడుగున పెట్టారు, వాళ్లు అన్నిటికంటే ముందు దాన్నే తీశారు. వెనక గదికి వచ్చారు. ప్రొఫెసరమ్మ వెంట్రుకలు సగం గొరిగిన దవడతో, ఒక పన్ను తక్కువతో, పిల్లల్ని పొట్టకు ఆనించుకుని పడుకుని ఉంది. ముగ్గురిలో పెద్దాయన రిజిస్టరు తిరగేసి, కొట్టేసిన గడి దగ్గర ఆగాడు.

"ఇదెందుకు కొట్టేశారు?"

మేడం నా వైపు చూశారు.

"తప్పు రాసిన సార్. దిద్దినం," అన్నాను.

"తప్పు రాశామని దిద్దుకున్న రిజిస్టరు ఈ మూడు రోజుల్లో ఇదొక్కటే చూశాను," అన్నాడు. బ్యాక్‌లాగ్ గడ్డం గోకి, గిన్నెలోకి తొంగి చూసి, సంతకం పెట్టాడు.

జులై 27, ఆదివారం

లాలాపేట్ వెళ్లాను. తార్నాక నుంచి నడిచే. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకున్నాను. నాలుగు జోకులు వచ్చాయి, నాలుగూ బాగున్నాయి, దారిలోనే వదిలేశాను.

ప్రమీల తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"తిన్నవా?"

"మస్తుగ..." అని ఆగాను. "లేదు."

నా మొహం చూడలేదు ఆమె. బెల్టు చూసింది. కొత్త చిల్లు, దాని పక్కన ఇంకో కొత్త చిల్లు. లోపలికి వెళ్లి కంచం తెచ్చి గడప మీదే పెట్టింది. అన్నం, పచ్చిపులుసు. తిన్నాను. తింటున్నంతసేపూ కంచం వైపే చూస్తూ నిలబడింది.

"ఆ రోజు నీకు గొంతు గూడ రాలే. నేను జూసిన. జూసి నవ్విన. తప్పయింది ప్రమీలా," అన్నాను.

పిల్లి సంగతి మొత్తం చెప్పాను. ఈసారి కలపలేదు, పెంచలేదు. ప్రమీల చివరిదాకా విని, కంచం తీస్తూ అంది:

"వచ్చే ఐతారం వస్తా. పిల్లిని జూడనీకి. నిన్ను గాదు."

"సరే."

"నువ్వు సరే అంటే నాకు భయం."

ఆ మాట నాది. ఎక్కడ నేర్చుకుందో.

వస్తుంటే వెనక నుంచి పిలిచి ఛార్జర్ చేతిలో పెట్టింది. "నా సంచిల వచ్చింది. ఇన్ని దినాలు ఫోనెట్ల నడిపినవ్?"

"నడిపిన," అన్నాను.

ఇంటికొచ్చి ఛార్జింగ్ పెట్టాను. పదిహేను నిమిషాలకు వెలిగింది. సింధూజ నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. లాలాపేట్ నుంచి ఒక్కటీ లేదు.

ఉండవని తెలుసు. కొత్త ఛార్జర్ తార్నాకలో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. కొంటే ఫోన్ వెలిగేది. వెలిగి మోగకపోతే ఆ చప్పుడు లేకపోవడం రోజంతా వినాల్సి వచ్చేది. అందుకే కొనలేదు.

నువ్వెంత పళ్లికిలించినా నీ కంచం జూసి చెప్త నీ సంగతి, అని ఇరవై ఆరేళ్లుగా అంటున్న మాట మాత్రం ఆమెదే. ఆ మాటకు సాక్షులున్నారు. గిన్నె చూడమని ఫోన్‌లో చెప్పింది మాత్రం ఆమె కాదు. జులై ఐదునే ఆరిపోయింది నా ఫోన్. ఏడున్నరకు ప్రమీల చేసిందని ఈ పుస్తకంలో రాసిన కాల్స్ అన్నీ, మొదటి "తిన్నవా"తో సహా, నేను కల్పించి రాసుకున్నవే.